విప్పని మూట

మా కింది వాటాలో ఉండేవాళ్ల అమ్మాయి శ్రావ్య పోయిన ఆదివారం మెట్లెక్కి వచ్చి నా ఎదురుగా ఫోను పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుతోంది. డాక్టరూ కాదు, నర్సూ కాదు, డాక్టరు పక్కన నిలబడి సగం పని చేసిపెట్టే చదువట. మా కాలంలో ఆ పని మేమే చేశాం గానీ దానికి పేరు లేదు. వచ్చే నెల నుంచి ఆమెను సర్జరీలో వేస్తారట. "అమ్మమ్మా, నువ్వు ఉద్యోగమంతా ఆపరేషన్ థియేటర్లనే చేసినవ్ గద. అక్కడ ఏమేం నేర్చుకోవాలో చెప్పు, రికార్డు చేసుకుంటా" అంది.

చెప్పాను. చేతులు మోచేతుల దాకా ఎట్లా కడగాలో, కడిగిన చేతులు నడుము కిందికి ఎందుకు దించకూడదో, గాజుగుడ్డ ముక్కలు కోత పెట్టకముందు ఒకసారి, కుట్టు వేయకముందు ఒకసారి ఎట్లా లెక్కపెట్టాలో, డాక్టరు చెయ్యి చాపకముందే ఆయనకు ఏం కావాలో ఎట్లా కనిపెట్టాలో, ముడి వేశాక దారం ఎంత ఉంచి కత్తిరించాలో, అన్నీ చెప్పాను. "మిమ్మల్ని కొట్టేటోళ్లట గద అమ్మమ్మా, నిజమేనా?" అని నవ్వింది. "నిజమే. తర్వాత నేనూ కొట్టాను" అన్నాను. నవ్వు ఆపేసింది. పిల్ల వెళ్లిపోయాక చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది. అది ఫోనుకు చెప్పే మాట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రాస్తోంది కదా, పశ్చాత్తాపపడుతోంది కాబోలని ఎవరూ జాలిపడొద్దు. పశ్చాత్తాపపడడానికి నాకు కావలసినంత కాలం దొరికింది. ఆ కాలమంతా నేను ఉద్యోగం చేసుకున్నాను.

మాది తిరుమలగిరికి నాలుగు కోసుల దూరంలో ఒక ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. తోడేలు పట్టి వదిలేసిన గొర్రెకో, ముళ్లకంచెలో చీరుకుపోయిన మేకకో మా బాపు దబ్బనంతో కుట్లు వేస్తుంటే కాళ్లు పట్టుకునే పని నాది. కుట్టేసి పసుపూ బూడిదా అద్దితే పదింట్లో ఏడు బతికేవి. ఊళ్లో పది పాసైన మొదటి ఆడపిల్లను నేనే. నకిరేకల్ దగ్గర హైవే మీద ఒక ప్రైవేటు దవాఖానలో ఆడపిల్లలను చేర్చుకుని రెండేళ్లు పని నేర్పిస్తారనీ, తిండీ పడకా వాళ్లవేననీ మా బడి పంతులు చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఆమె తమ్ముడు, నా మేనమామ, పెళ్లాం పోయి ఇద్దరు పిల్లలతో ఉన్నాడు. నన్ను ఆయనకు ఇవ్వాలని ఆమె అప్పటికే మాట అనేసింది. బాపు మాత్రం, "గొర్లను పట్టిన చేతులు మనుషులను పట్టయా? పోనీ. నేర్చుకుంటే నేర్చుకుంటది, ఎల్లగొడితే మామ ఉండనే ఉన్నడు" అన్నాడు. అంటే దవాఖాన వాళ్లు వెళ్లగొడితే నాకు మిగిలేది ఏమిటో బస్సెక్కిన రోజునే నాకు తెలుసు. మండలాలు ఇంకా రాని రోజులవి.

దవాఖాన ముందు లారీల దుమ్ము, వెనక నిమ్మతోట. నిమ్మపూత కాలంలో కిటికీ తీస్తే ఆ వాసనా, లోపల మత్తుమందు తియ్యటి వాసనా కలిసి ముక్కుకు తగిలేవి. ఇప్పటికీ నాకు నిమ్మపువ్వు వాసన పడదు. మా గది థియేటరు గుడ్డలు నింపిన డ్రమ్ములను ఆవిరి పట్టే గదిని ఆనుకుని ఉండేది. ఎండాకాలం ఆ గోడకు వీపు తగిలితే చుర్రుమనేది. తెల్లవారుతూనే కిరోసిన్ స్టవ్వు ముట్టించి కత్తెరలూ సూదులూ మరగబెట్టడంతో పని మొదలయ్యేది. రబ్బరు గ్లౌజులు ఒకసారి వాడి పారేయడం మాకు తెలియదు. కడిగి, నీళ్లలో ముంచి ఊది, బుడగ వచ్చిన చోట పాత గ్లౌజు ముక్కను సైకిలు ట్యూబుకు అతికించినట్టు అతికించి, తీగ మీద ఆరేసి, పౌడరు చల్లి జతలుగా మడత పెట్టేవాళ్లం. నెత్తుటి గుడ్డలు చన్నీళ్లలోనే నానబెట్టాలి. చేరిన కొత్తలో నేను వాటిని వేన్నీళ్లలో వేసి మరకలు గట్టిపరిచాను. ఆ గుడ్డలు పదిరోజులు నాతోనే ఉతికించారు, మరకలు పోవని అందరికీ తెలిసి కూడా.

ఉతికించింది ఖాసింబీ ఆపా. ఆపా అంటే అక్క. థియేటరుకు పెద్ద ఆమే. యాభై దాటిన సన్నటి మనిషి, పుట్టి పెరిగింది నకిరేకల్‌లోనే, వాళ్ల నాయిన ఎద్దులకు నాడాలు కొట్టేవాడట. తెల్లచీర, బొడ్లో తాళాల గుత్తి, థియేటరు బయట కిటికీ దిమ్మె మీద తమలపాకుల డబ్బా. లోపలికి పోయేముందు మూడుసార్లు నోరు పుక్కిలించేది, అయినా ముక్కు గుడ్డ లోపలి నుంచి జర్దా వాసన వచ్చేది. శుక్రవారం మాత్రం అత్తరు. పనిముట్లను ఉర్దూలో లెక్కపెట్టేది, తప్పు చేసినవాళ్లను తెలుగులో తిట్టేది. గుడ్డముక్కలు పట్టుకునే పొడుగాటి పటకారు, స్పాంజ్ హోల్డరుతో వేళ్ల కణుపుల మీద కొట్టేది, అది కూడా కడుక్కోకముందే కొట్టేది. కడిగిన చేతిని కొడితే మళ్లీ కడగాలి కదా, సబ్బు దండగ అనేది.

మొదటి ఆపరేషన్ నాడు నేను కళ్లు తిరిగి పడిపోయాను. గొర్రెల కడుపులు చూసినదాన్ని, మనిషి కడుపు చూసి పడ్డాను. లేచేసరికి నేల మీద గోడవారగానే ఉన్నాను. ఆపరేషను జరుగుతూనే ఉంది. ఆపా నా మీంచి దాటుకుంటూ అటూ ఇటూ తిరుగుతోంది. ఆ తర్వాత నేను ఏడిస్తే ఆమె చెప్పిన మాట ఇది: "పడ్డోళ్లను లేపుడు మన పని గాదు పోరీ. బల్ల మీద పండుకున్నోళ్లను చూసుడు మన పని. నువ్వు పడితే పడు, సప్పుడు జెయ్యకుండ పడు." ఆమెను అసహ్యించుకున్నాను, ఆమెలాగా కావాలని కూడా అనుకున్నాను. పని నేర్పేవాళ్ల మీద మనసు అట్లాగే ఉంటుందేమో.

ఆపా నేర్పిన వాటిలో నాకు అన్నిటికంటె చేదైంది కడుపు చూసే పని. మత్తు ఇచ్చే ముందు రోగి కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే మత్తులో వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి దక్కడు. ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. పుస్తకంలో లేనిది, మా జనం రోగికి దొంగచాటుగా పెడతారని. ఎంత చెప్పినా పెడతారు. మా ఇంట్లోనే పోచమ్మకు ఇచ్చే పొట్టేలుకు కూడా ముందు ఇంత ఆకు వేసి, నీళ్లు తాగించిగానీ కదిలించేవాళ్లు కాదు. ఉత్త కడుపుతో కత్తి కిందికి పంపితే ఉసురు తగులుతుందని మా అవ్వ అనేది. గొర్రెకే అంత చేసేవాళ్లు కన్నబిడ్డకు చేయరా? డాక్టర్లకు ఇది మొండితనంగా కనిపించేది. నాకు అది మొండితనం కాదని తెలుసు. తెలిసినదాన్ని కాబట్టే ఆపా ఆ పని నాకు అప్పజెప్పింది.

"నోటిని అడగకు, గిన్నెను అడుగు" అనేది ఆపా. "నోరు జూట్ మాట్లాడతది. గిన్నెకు జూట్ రాదు." అందుకని ఆపరేషనుకు ముందు నేను వరండాలోకి పోయి, రోగి బంధువుల సద్ది మూట విప్పి, టిఫిను డబ్బాలో, గిన్నెలో, చెంబులో వేలు పెట్టి తడి చూసి, వాసన చూడాలి. అది చూసి ఆపా దగ్గరుండే పుస్తకంలో నేనే రోగి పేరు పక్కన 'ఖాళీ' అని రాయాలి. "మేమేమన్న దొంగలమా, మా మూటలు సోదా జేస్తవ్?" అని ముసలివాళ్లు తిట్టేవాళ్లు. ఒకామె నా చేతి మీద ఉమ్మింది. నేను విప్పడం మానలేదు. ఒకసారి గోంగూర పచ్చడి వాసన పట్టి ఒకాయన ఆపరేషను ఆపించాను. ఆ రోజు ఆపా తన తమలపాకుల డబ్బాలోంచి సోంపు తీసి నాలుగు గింజలు నా అరచేతిలో పోసింది. రెండేళ్లలో ఆమె నన్ను మెచ్చుకోవడం అంతే. ఇంకోమాట కూడా చెప్పింది ఆ రోజు. "పెద్దోళ్లు అబద్ధమాడితె గిన్నె పట్టిస్తది. చిన్నపిల్లలైతే ఇంక అల్కగ దొరుకుతరు. పొద్దటి సంది ఏడ్చిన పిలగాడు ఉన్నట్టుండి ఊకున్నడనుకో, గప్పుడు అనుమానపడు."

నేను చేరి ఆరేడు నెలలైంది. ఒక ఎండాకాలం పొద్దున మా ఊరి కొమురవ్వ ఆరేళ్ల మనవణ్ణి చంకలో వేసుకుని వరండాలో దిగింది. కొమురవ్వ మా బాపుకు మేనత్త. అమ్మా బాపూ మంద వెంట పోయినప్పుడల్లా నేను పెరిగింది ఆమె ఇంట్లో. నేనే కాదు, మా వాడకట్టులో సగం మంది పిల్లలు ఆమె చేతి ముద్ద తిన్నవాళ్లే. ఎవరి పిల్లలైనా సరే, గుమ్మం ముందు నుంచి పోతుంటే పిలిచి నోట్లో ఇంత పెట్టి పంపేది. ఆమె కొడుకు గొర్రెలను తోలుకుని అమ్రాబాద్ అడవికి పోయి ఉన్నాడు, వానలు పడితేగానీ రాడు. కోడలు లచ్చమ్మ పచ్చి బాలింత. అందుకని పిల్లవాడితో ముసలామె ఒక్కతే వచ్చింది. వాడి పేరు మల్లేశు. మూత్రసంచిలో రాయి. ఒంటికి పోయాలంటే వాడు గోడకు నుదురు కొట్టుకుని ఏడ్చేవాడు. ఎక్స్‌రేలో ఆ రాయి రేగ్గాయంత కనబడింది. తీస్తే పోతుంది, పెద్ద ఆపరేషను కూడా కాదు. నన్ను చూడగానే కొమురవ్వకు ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న వాళ్లందరికీ, "మా పిల్లనే. మా చేతుల పెరిగింది" అని చెప్పుకుంది. నాకు సిగ్గూ, గొప్పా రెండూ కలిగాయి.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఆపరేషను. ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా వద్దు అని ముందురోజు సాయంత్రమే ఆమెకు నాలుగుసార్లు చెప్పాను. కానీ తొమ్మిదింటికి హైవే మీద లారీ గుద్దిన ఇద్దరిని తెచ్చారు. డాక్టరు వాళ్లతోనే మధ్యాహ్నం దాకా ఉండిపోయాడు. మల్లేశు ఆకలికి ఏడ్చిన ఏడుపు థియేటరు దాకా వినిపించింది. "అవ్వా బువ్వ, అవ్వా బువ్వ" అని ఒక్కటే మాట, గొంతు పోయేదాకా. ఒంటిగంట దాటాక ఆపా తలుపు తీసి, "సత్తెమ్మా, రాయి పిలగాణ్ని తీస్కుంటున్నం. కడుపు చూసి రా" అంది. నేను వరండాలోకి వచ్చేసరికి ఏడుపు లేదు. పిల్లవాడు కొమురవ్వ ఒళ్లో తల పెట్టుకుని కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. ఊకున్నాడు. నేను అది చూశాను. చూడలేదని ఈ ముసలితనంలో కూడా అనలేను.

"అవ్వా, పిలగానికి ఏమన్న పెట్టినవా?" అని అడిగాను.

"ఏం పెడ్త బిడ్డా. నువ్వే వద్దంటివి గద."

మూట ఆమె పక్కనే ఉంది. పాత చీర ముక్కలో కట్టిన సద్ది మూట. నేను వంగి ముడి మీద చెయ్యి వేశాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"నా మూట గూడ ఇప్పుతవా సత్తెమ్మా? నీకు బువ్వ వెట్టిన చెయ్యి గదనే ఇది."

కోపంగా అనలేదు. నొచ్చుకుని అంది. వరండాలో పదిమంది ఉన్నారు. నిన్నటి నుంచి ఆమె 'మా పిల్ల, మా పిల్ల' అని చెప్పుకున్నది వాళ్లతోనే. అందరూ మా వైపే చూస్తున్నారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పుస్తకంలో మల్లేశు పేరు పక్కన 'ఖాళీ' అని రాశాను. చక్కటి అక్షరాలతో రాశాను, నా దస్తూరి బాగుంటుంది.

మత్తు ఇచ్చే ఆయన పిల్లలను అంకెలు లెక్కపెట్టమనేవాడు. మల్లేశుకు అంకెలు రావు. "మీ గొర్ల పేర్లు చెప్పరా" అన్నాను. బల్ల మీద వాడి చెయ్యి పట్టుకుని నిలబడింది నేనే. "నల్లది," అన్నాడు. "బొల్లిది. కుంటిది. చెవులది." అయిదో గొర్రె పేరు రాలేదు. కోత పెట్టి, లోపలి రాయిని పటకారుతో పట్టుకున్న సమయంలో పిల్లవాడి గొంతులో గుడగుడమని శబ్దం వచ్చింది. ముక్కు మీది మత్తుమందు గుడ్డ తడిసింది. తెల్లటి అంబలి, అందులో ఉల్లిగడ్డ ముక్కలు. ఆపా వాడి తలను పక్కకు తిప్పి నోట్లోకి వేళ్లు పెట్టి తోడింది. నేను గొంతులోది లాగేసే కాలి పంపు తొక్కాను. ఎంత తొక్కానో తెలియదు. వాడి పెదవులు నల్లబడ్డాయి, తర్వాత కాస్త ఎర్రబడ్డాయి. డాక్టరు రాయి తీసి, గబగబా కుట్లు వేసి, గ్లౌజులు నేలకేసి కొట్టాడు.

బయట నడవాలో ఆయన మాకు ఎదురుగా నిలబడ్డాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, చేతిలో పనితనం ఉన్నవాడు, కోపం వస్తే నెమ్మదిగా మాట్లాడేవాడు. "కడుపు చూసిందెవరు?" అన్నాడు. ఆపా పుస్తకం తెరిచి పట్టుకుంది. నా అక్షరాలు అందరికీ కనిపిస్తున్నాయి. ఆ క్షణంలో నాకు మల్లేశు గుర్తు రాలేదు. మేనమామ గుర్తొచ్చాడు, ఆయన పిల్లలిద్దరూ, వాళ్ల చీమిడి ముక్కులూ గుర్తొచ్చాయి.

"నేనే చూసిన సార్. మూట ఇప్పి చూసిన. గిన్నె ఎండి ఉండె. నేను ఇటు వచ్చినంక పెట్టినట్టున్నది" అన్నాను.

ఆయన నమ్మాడు. వెంటనే కొమురవ్వను పిలిపించి, "ఏమ్మా, ఏం పోశావు పిల్లాడికి?" అన్నాడు. "ఒక్క గుక్క అంబలి సారూ. ఉత్త కడుపుతోని పంపబుద్ధి గాలె" అందామె. "చెప్పిందిగా ఈ అమ్మాయి పెట్టొద్దని? మూట కూడా చూసి వెళ్లిందిగా? ఆమె అటు తిరగ్గానే పోశావా? వాడు పోతే నీ చేత్తో నువ్వే చంపుకున్నట్టు, తెలుసా నీకు?" అన్నాడు. కొమురవ్వ నా వైపు చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. ఆమె చేతులు జోడించి డాక్టరు కాళ్ల దగ్గర కూర్చుంది. నన్ను కాపాడడానికే ఊకుంది అనుకుని, ఆ పూట నాకు ఆమె మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

మల్లేశు మూడు రోజులు బతికాడు. జ్వరం, ఎగశ్వాస, ఛాతీలో బుసబుస. ఒంటికి మాత్రం నొప్పి లేకుండా పోశాడు, ఆ ఒక్కటీ బాగుపడింది. మూడో రోజు ఎండ తిరిగే వేళకు పోయాడు. ఒంటిని తుడిచి శుభ్రం చేసే పని ఆపా నాకే చెప్పింది. తీసిన రాయిని బంధువులకు ఇవ్వడం అప్పట్లో ఆనవాయితీ. చాలామంది ఇంటికి తీసుకుపోయి ఇరుగుపొరుగుకు చూపించుకునేవారు. గాజుగుడ్డలో చుట్టి నేనే కొమురవ్వ చేతిలో పెట్టాను. ఆమె అదేమిటని అడగలేదు. చెంగున కట్టుకుంది.

ఆ సాయంత్రం వెనక నీళ్ల తొట్టి దగ్గర గుడ్డలు నానబెడుతుంటే ఆపా వచ్చి పక్కన కూర్చుంది. ఎప్పుడూ కూర్చునే మనిషి కాదు. ఆకు నమిలి, ఉమ్మి, అడిగింది.

"మూటల గిన్నె ఎట్లుండె?"

"ఎండి ఉండె ఆపా."

"స్టీలుదా, సిల్వర్‌దా?"

"స్టీలుది."

"మూటల గిన్నెనే లేదు" అంది ఆపా. "సొరకాయ బుర్ర ఉండె. నేను పిలగాణ్ని తీస్కరాను స్ట్రెచర్‌తోని పోయినప్పుడు మూటలకెల్లి బుర్ర మూతి కనవడ్డది. నీళ్లదనుకున్న. నువ్వు చూసినవని నమ్మి ఊకున్న. గొర్లోళ్ల పిల్లవు, గొర్లోళ్లు అంబలి బుర్రల వోస్కుంటరని మర్శినవా?"

తొట్టిలోంచి తడిచేతులు తీసి ఆమె ముందు పెట్టాను. కొడుతుందని చూశాను. కొట్టమని కోరుకున్నాను.

"డాక్టర్‌సాబ్‌కు చెప్పను" అంది. "నువ్వు పోతే ఇంకో పోరి వస్తది. దానికి మళ్ల చేతులు కడుగుడు కాడికెల్లి నేర్పాలె. నాతోని గాదు. నీ చేతులు మంచిగున్నయ్. నోరే కరాబ్. థియేటర్ల నోటితోని పని తక్కువ." లేచి పోయింది. ఆ రోజు నుంచి నేను అక్కడ ఉన్నన్నాళ్లు ఆమె నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు, తిట్టలేదు. తక్కిన పిల్లల కణుపులు వాచి ఉండేవి. నావి నున్నగా ఉండేవి. కడుపు చూసే పని మాత్రం నా నుంచి తీసి ఇంకో అమ్మాయికి ఇచ్చింది, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత నేను మంచి పనిమంతురాలినయ్యాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, నా కింద పనిచేసిన వాళ్లెవరినైనా అడగండి, తిడుతూనే ఒప్పుకుంటారు. పాలమూరులో ఒక పెద్ద దవాఖానలో థియేటరు ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. ఎంతమంది పిల్లలకు పని నేర్పానో లెక్కలేదు. మూట విప్పకుండా వచ్చిన ఏ పిల్లనూ వదిలిపెట్టలేదు. ఒకమ్మాయిని గర్భిణి అని కూడా చూడకుండా అందరి ముందు నిలబెట్టి నానా మాటలూ అన్నాను. ఆమె రోగికి ఏమీ కాలేదు, ఆమె చేసిన తప్పు నా తప్పులో పదో వంతు లేదు. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, నా మీది కోపమంతా ఆ పిల్లల మీద తీర్చుకున్నాను. వాళ్లు దాన్ని క్రమశిక్షణ అనుకున్నారు.

ఇప్పుడు శ్రావ్య పోబోయే చోట ఇట్లాంటివి జరగవంటారు. రాత్రి నుంచే మంచానికి ఏమీ పెట్టొద్దని బోర్డు కడతారు, మూడు చోట్ల ముగ్గురు అడిగి మూడు సంతకాలు పెడతారు, గ్లౌజులు వాడి పారేస్తారు, గొట్టాలూ యంత్రాలూ వచ్చాయి, కొట్టడం నేరం. మంచిదే. మా రోజులే మేలనే ముసలివాళ్ల జాతి కాదు నాది. ఆ యంత్రాల్లో సగం ఉన్నా మల్లేశుకు ఈపాటికి పిల్లలు పెద్దవాళ్లయి ఉండేవారు. కానీ ఆ మూడు గళ్లలోనూ టిక్కు పెట్టేది ఒక పద్దెనిమిదేళ్ల పిల్లే. ఆమె ముందు కూడా ఎవరో ఒక తెలిసిన ముసలామె నొచ్చుకున్న ముఖంతో కూర్చునే ఉంటుంది. కత్తి పట్టడం, దారం పట్టడం ఆరు నెలల్లో వస్తాయి. తెలిసినవాళ్లను నొప్పించడం నేర్చుకోవడమే కష్టం. అది శ్రావ్యకు చెప్పలేకపోయాను. చెబితే ఎందుకని అడుగుతుంది.

మల్లేశు పోయిన నాలుగు నెలలకు నాకు వారం సెలవిచ్చారు. ఊరికి పోయాను. కొమురవ్వ సంగతి అమ్మ చెప్పింది. కోడలు ఆమెను వంటింట్లోకి రానివ్వడం లేదు, చంటిదాన్ని ఎత్తుకోనివ్వడం లేదు. అమ్రాబాద్ నుంచి వచ్చిన కొడుకు రెండు నెలలు తల్లితో మాట్లాడలేదు. గొర్రెల దొడ్డి పక్క కొట్టంలో మంచం వేశారు. ఊళ్లో పిల్లలు ఆమె చేతిది తినరు, తల్లులు తిననివ్వరు. పిలిచి బెల్లం ముక్క ఇస్తే ఒక పిల్ల మన్నులో పారేసి పరుగెత్తిందట. 'పెట్టి సంపిన ముసల్ది' అని ఆమెకు పేరు పడింది. డాక్టరు అన్న మాటా, నేను చెప్పిన మాటా, దవాఖానలో ఉన్న మా పక్క ఊరివాళ్ల నోట ఊళ్లోకి వచ్చేశాయి.

మధ్యాహ్నం ఆమే మా ఇంటికి వచ్చింది. సగమైపోయింది మనిషి. అరుగు మీదికి రాలేదు, కింద మట్టిలో కూర్చుంది. అమ్మ పళ్లెంలో బువ్వ పెట్టి ఇచ్చింది. తిని, పళ్లెం తానే కడిగి బోర్లించి, నన్ను పిలిచింది.

"సత్తెమ్మా, జర దగ్గరికి రా బిడ్డా. ఒక్క ముచ్చట అడుగుత. కోపం జెయ్యకు."

"అడుగవ్వా."

"గా దినం నువ్వు నా మూట ఇప్పినవా?"

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న అమ్మ చేట ఆగింది.

"నాకైతె నువ్వు ఇప్పినట్టు యాదికొస్తలేదు" అంది కొమురవ్వ. "నువ్వు ముడి మీద చెయ్యి ఏసినట్టు, నేనేదో అన్నట్టు, నువ్వు చెయ్యి తీస్కున్నట్టే కండ్లల్ల మెదులుతాంది. పిలగానికి నువ్వు రాకముందుగాల్నే పోసిన అనిపిస్తది. కని అందరు నువ్వు ఇప్పి జూసినవనే అంటున్రు. నువ్వు పోయినంకనే పోసిన్నంటున్రు. సదువుకున్న పిల్లవు నువ్వు, ఎందుకు అబద్ధమాడ్తవ్? ముసల్దాన్ని, నా బుద్ధి మీద నాకే నమ్మకం లేకపాయె. రాత్రి పండుకుంటె గదే ముచ్చట. నువ్వు జెప్పు బిడ్డా. నువ్వేం జెప్తె గదే నమ్ముత."

అప్పుడు అర్థమైంది నాకు, ఆమె నన్ను కాపాడడానికి ఊకోలేదని. ఆ నడవాలో డాక్టరు నోట నా మాట విని తన కళ్లను తానే నమ్మలేకపోయింది, అంతే. ఒక్క 'లేదు' అంటే చాలు. పిల్లవాడు తిరిగి రాడు గానీ, తప్పులో సగం ఆమె నెత్తి మీంచి దిగుతుంది. దిగిన సగం ఎక్కడికి వస్తుందో కూడా నాకు తెలుసు. అమ్మ చేట పట్టుకుని నా వైపే చూస్తోంది. దవాఖానలో నాకు ఇంకా ఏడాది పైన మిగిలి ఉంది.

"ఇప్పిన అవ్వా" అన్నాను. "సొరకాయ బుర్ర ఉండె మూటల. మూతి తీసి జూసిన. అంబలి నిండుగ ఉండె, ఒక్క గుక్క గూడ తగ్గలె."

ఆమె ముఖంలో ఏదో నెమ్మదించింది.

"బుర్ర అన్నవంటె జూసినట్టే బిడ్డా" అంది. "జూడనోళ్లకు ఎట్ల ఎరుకైతది. అయితె నాదే తప్పు. నీ అసొంటి పిల్లను అనుమానపడ్డ, మనసుల వెట్టుకోకు." నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. నేను అద్దుకోనిచ్చాను.